తడి పొట్ట

నైట్ డ్యూటీ దిగాక వెంటనే ఇంటికి పోలేను.
చేతులకింకా స్పిరిట్ వాసన,
చెవుల్లో సెలైన్ స్టాండు చక్రాల కిర్రు.
ముషీరాబాద్ పార్కులో కానుగ కింద
కాలు విరిగి ఇటుకల మీద నిలబడ్డ బెంచీ నాది.

మే నెల. ఎనిమిదింటికే ఎండకు పళ్లు మొలుస్తాయి.
నవ్వుల క్లబ్బు వాళ్లు నవ్వడం ముగించి
చెప్పులు దులుపుకుని వెళ్లిపోతారు.
ఆ తర్వాత మొదలవుతారు అసలు వాళ్లు.

కంసాలి పిట్ట ఎక్కడో కనపడకుండా
టుక్ టుక్ టుక్ మని
రాగిబిందె సొట్టలు తీస్తుంటుంది.
తొండ ఒకటి, గొంతు ఎర్రబరుచుకుని,
'గడ్డి తొక్కరాదు' బోర్డు మీద దండీలు తీస్తుంటుంది,
గడ్డే లేని చోట.

కారే కొళాయి దగ్గర
ముందు గోరువంకలు, దబాయించి.
తర్వాత పికిలిపిట్టలు రెండు,
కొత్త కాపురంలా ఆనుకుని.
కందిరీగ తాగడానికి రాదు,
ఇల్లు కట్టుకోవాలి, తడిమట్టి ముద్ద ఎత్తుకుపోతుంది.
ఉడుతైతే కొళాయి జోలికే రాదు.
సిమెంటు బల్ల నీడలో
పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ చాచి,
ఎవరో పారేసిన ఉన్ని ముక్కలా పడుంటుంది.
మొదటిసారి చచ్చిందేమోనని
లేచి నాడి చూడబోయాను.
అలవాటు.
అది ఒక కన్ను తెరిచి, నన్ను చూసి, మూసుకుంది.

ట్రాక్ బాగుచెయ్యడానికి పోసిన కంకర కుప్ప
(మార్చిలో పోశారు, కాంట్రాక్టరు ఫోనెత్తడు)
దాని మీద నాలుగు గుడ్లు.
ఏది రాయో ఏది గుడ్డో తెలియాలంటే
తల్లి అక్కడ ఉండాలి.
తీతువు.
పసుపు కాళ్లు, కళ్ల ముందు ఎర్రతోలు,
ఎవరు పక్కనుంచి నడిచినా
నెత్తి మీద తిరుగుతూ తిట్టే నోరు.

ఈ పిట్ట అరిస్తే మా నాయనమ్మ
దీపం వత్తి ఎగదోసి
పడుకున్న వాళ్ల తలలు లెక్కపెట్టేది.
చావు కబురు మోసుకొచ్చే పిట్టట.
ఇరవైరెండేళ్లుగా నేనూ ఆ పనే చేస్తున్నాను,
కారిడార్‌లో చాప మీద కూచున్న వాళ్ల దగ్గరికి
మెల్లగా నడిచి వెళ్లి.
నన్నెవరూ పిట్ట అనలేదు.

తోటపని బాలమణి ఆ గుడ్ల చుట్టూ
పగిలిన పూలకుండీలు పేర్చి ఎర్ర రిబ్బను చుట్టింది.
"సూపరైజరు తీసెయ్యమన్నడు సిస్టరమ్మా.
పిల్లలు ఎల్లినంక తీస్త అన్న.
మూడు నెల్ల సంది జీతం లేదు,
మల్ల గీ కాపలా డ్యూటీ ఒకటి."

ఇవాళ తొమ్మిదిన్నరకు చూశాను.
పైపు కారి నిలిచిన గుంట దాకా
తీతువు నడిచింది. ఎగరలేదు, నడిచింది,
దొంగలా అటూ ఇటూ చూస్తూ.
తాగలేదు.
కూచుని పొట్ట ఈకలు ముంచింది.
లేచింది. మళ్లీ ముంచింది.
నీళ్లోడుతూ వచ్చి గుడ్ల మీద వాలింది.
పొదగడం కాదది.
ఈ ఎండలో వెచ్చజెయ్యడానికి తల్లెందుకు,
కంకర చాలు, ఉడకబెడుతుంది.
తడి పొట్టతో చల్లారుస్తోంది.

పన్నెండు సార్లు లెక్కపెట్టాను.

రాత్రి వడదెబ్బ వార్డులో మూడో మంచం,
సెంట్రింగ్ పనికొచ్చిన పాలమూరు పిల్లాడు,
స్లాబు మీదే పడిపోయాడట.
నూట ఆరు. ఫ్యాను వేడిని తిప్పి తిప్పి పోస్తోంది.
గుడ్డ తడిపి, పిండి, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో,
తడిపి, పిండి,
ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.
నాలుగున్నరకు నూట మూడు.
ఒకసారి "అవ్వా" అన్నాడు, ఎవరినో.
ఎనిమిదింటికి చార్టు అప్పగించి వచ్చేశాను.

ఫోన్ బ్యాగులో ఉంది. వార్డు నంబరు నోటికొచ్చు.

టిటిటీ అని అరిచింది తీతువు.
ఉలిక్కిపడ్డాను, నాయనమ్మ మనవరాలినే కదా.
ఏం లేదు,
బాలమణి పైపు ఈడ్చుకుంటూ వస్తోంది, అందుకు.

ఇంకొక్కసారి అది నీళ్లకు వెళ్లొచ్చాక
చేద్దాంలే అనుకున్నాను.

రెక్కలు సర్దుకుని
లేచింది.